ఓ గ్రూపు తండ్రి

మా అమ్మాయి మిరాన్ బిడ్డను గ్వాంగ్జు ఆసుపత్రిలో కని, పదో రోజున మా వాకిట్లో టాక్సీ దిగింది. అల్లుడు సరుకుల ఓడలో ఇంజను పని చేస్తాడు. అప్పటికి ఏ సముద్రం మధ్యన ఉన్నాడో వాళ్ళ కంపెనీకే తెలియాలి. వియ్యపురాలికి యోసులో చేపల కొట్టుంది. కొట్టు మూయడం ఆవిడకు చేతకాదు. నా భార్య మాల్‌సూన్ పోయి ఆరేళ్ళయింది. అంచేత మా వైపు బాలింతకు పెట్టే సముద్రపు నాచు చారు కాచే పని నా మీద పడింది.

కాచాను. నువ్వుల నూనెలో నాచు వేయించి, బుడిత గుల్లల మాంసం వేసి, మూడు పూటలా కాచాను. మిరాన్ రెండు చెంచాలు తాగి గిన్నె జరిపేసేది. బిడ్డ ఏడిస్తే ఎత్తుకునేది. ఏడుపు ఆగాక కూడా దించేది కాదు, అలాగే గోడవైపు చూస్తూ కూర్చునేది. పాలిచ్చేటప్పుడు బిడ్డ మొహం చూసేది కాదు. నేను గమనించాను. ఏమీ అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు ఎవరికీ లేదు.

ఇరవై నాలుగో రోజున పోస్టులో ఒక కవరొచ్చింది.

"నీకేదో ఉత్తరం."

"అక్కడ పెట్టు నాన్నా."

"ఆసుపత్రి నుంచి."

"కడుపుతో ఉన్నప్పుడు ఏదో పరిశోధన అని రక్తం తీసుకున్నార్లే. నువ్వే చూడు. నాకు కళ్ళు లాగుతున్నాయి."

నేను ఊరి బడిలో ఆరేళ్ళు చదివాను. అక్షరాలు వస్తాయి. పెద్ద మాటలు రావు. కాగితం మీద మిరాన్ పేరు, పుట్టిన తేదీ. కింద 'ఆక్సిటోసిన్ గ్రాహక జన్యువు' అని ఒక వరస. అది నాకు అర్థం కాలేదు. ఆ వరస కింద ఒక గడి, గడిలో లావు అక్షరాలు రెండు: ఏ, ఏ. ఆ కింద సన్నక్షరాల్లో, కష్టం వచ్చినప్పుడు ఇతరుల సాయం అడిగే గుణం తక్కువ ఉండవచ్చనీ, దిగులు లోలోపలే పెట్టుకునే అవకాశం ఉందనీ, ఇదంతా ఖాయంగా చెప్పలేమనీ రాశారు.

రక్తం తీశారు. రక్తం కాగితంలో ఏఏ అని రాశారు. నాకు ఇంకే వివరమూ అవసరం అనిపించలేదు. ఏ గ్రూపు వాళ్ళు పిరికివాళ్ళని, మనసులోది చెప్పరని మా దేశంలో నిక్కరు వేసుకున్న పిల్లలకు కూడా తెలుసు. బి వాళ్ళు తమ ఇష్టం వచ్చినట్టు నడుస్తారు. ఓ వాళ్ళు మొండి. పెళ్ళి చూపుల్లో అడుగుతారు, పనిలో చేర్చుకునేటప్పుడు అడుగుతారు. ఆ సన్నక్షరాల్లో ఉన్నదీ అదే కదా అనుకున్నాను.

నేను ఓ గ్రూపు. సైన్యంలో మూడేళ్ళు మెడలో వేసుకు తిరిగిన బిళ్ళ మీద కొట్టి ఉంది. మాల్‌సూన్ బి.

మిరాన్ చిన్నప్పుడు ఎవరైనా వస్తే తలుపు వెనక నిలబడేది. పక్కింటి ఆవిడ చూసి నవ్వేది. ఆవిడ టోల్సాన్ నుంచి కోడలుగా వచ్చింది, ఊరంతా టోల్సాన్ వదిన అంటారు. "ఇది ఏ గ్రూపే మాల్‌సూన్, నిలువునా ఏ గ్రూపు" అనేది. మాల్‌సూన్ వెంటనే, "కాదొదినా, నాలాగా బి" అనేది. ఎన్నిసార్లన్నా అదే జవాబు, అదే తొందర. ఆ తొందర ముప్పై ఏళ్ళ తర్వాత, చేతిలో కాగితంతో నిలబడ్డ నాకు వేరేగా వినపడింది.

మంగలి కూ దగ్గరికి వెళ్ళాను. కూ నాతో బడికి వచ్చినవాడు. కుర్చీలో కూర్చున్నాక అద్దంలో వాణ్ణి చూడకుండా అడిగాను.

"ఒరే, ఓ గ్రూపు తండ్రికి ఏఏ బిడ్డ పుడుతుందా?"

కత్తెర ఆగింది. "ఎవరి బిడ్డ?"

"టీవీలో."

"ఏ సీరియల్రా? ఏడింటిదా, ఎనిమిదింటిదా?"

"ఏదైతే ఏం. చెప్పు."

"పుట్టదు. రెండు ఏలు రావాలంటే తల్లి ఒకటివ్వాలి, తండ్రి ఒకటివ్వాలి. ఓ గాడి జేబులో ఏ ఎక్కణ్ణించి వస్తుంది? ఈ లెక్కలో మా ఆవిడ డాక్టరు. సగం సీరియళ్ళు ఇదే కథగా. చివర్లో ఆ తండ్రి మెడ పట్టుకుని కూలబడతాడు." వాడు నవ్వాడు. నేను నవ్వలేదు. "మొహం అలా పెట్టావేంటి? నువ్వేమైనా అందులో వేషం కట్టావా?"

"కత్తిరించు."

"కత్తిరించడానికి ఏం మిగిల్చావు గనక. చెవుల మీద నాలుగు, మెడ మీద నాలుగు. సగం డబ్బులే తీసుకోవాలి నీ దగ్గర."

ఇంటికి వచ్చేసరికి మిరాన్ పడుకుని ఉంది. మధ్యాహ్నపు ఎండ దాని మొహం మీద పడుతోంది. నేను గుమ్మంలో నిలబడి దాని చెవి చూశాను. ముక్కు చూశాను. కాలి వేళ్ళు చూశాను. ముప్పై మూడేళ్ళు చూసిన మొహం. నాది అని చెప్పగలిగింది ఒక్కటీ కనపడలేదు. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను.

అక్కడ కూర్చుని ఒక పాత సంగతికి అర్థం కట్టుకున్నాను. మిరాన్ పుట్టిన నలభయ్యో రోజున మాల్‌సూన్ బుట్ట లేకుండా, బల్ల లేకుండా అడుసులోకి వెళ్ళింది. మా తీరంలో ఆటు సమయానికి సముద్రం కనుచూపు మేర వెనక్కి పోతుంది. మిగిలేది నడుం లోతు అడుసు. ఆడవాళ్ళు ఒక మోకాలు బల్ల మీద ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ వెళ్ళి గుల్లలు ఏరతారు. పోటు మొదలయ్యేలోగా తిరిగి రావాలి. ఆ రోజు పోటు సగం వచ్చాక టోల్సాన్ వదిన ఆమెను ఈడ్చుకొచ్చింది. మెడదాకా బురద. "వేళ లెక్క తప్పాను" అంది మాల్‌సూన్. పదేళ్ళ వయసు నుంచి ఆ అడుసులో తిరిగిన మనిషి. నేను సరేనన్నాను. టోల్సాన్ వదిన వాకిట్లో నిలబడి, "దాన్ని ఒంటరిగా వదలకు. ఏమైందో అడుగు" అంది. "నీ ఇల్లు నువ్వు చూసుకో" అన్నాను. ఆవిడ చూసుకుంది. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

ఆమె అలా ఎందుకు చేసిందో ఇన్నేళ్ళూ నేను తలుచుకోలేదు. ఇప్పుడు కారణం దొరికింది. తప్పు చేసింది, మొయ్యలేకపోయింది, చావబోయింది. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

మర్నాటి నుంచి చారు కాయలేదు. అన్నం, కిమ్చీ పచ్చడి పళ్ళెంలో పెట్టి గది గుమ్మం దగ్గర పెట్టి వచ్చేవాణ్ణి. బిడ్డను ముట్టుకోలేదు.

"ఒంట్లో బాలేదా నాన్నా?" అంది మిరాన్.

"బానే ఉంది."

అది మళ్ళీ అడగలేదు. నా నోట్లో ఒక ప్రశ్న ఉంది. నీ బ్లడ్ గ్రూపు ఏంటి? ఇంతే. కడుపుతో ఉన్న ప్రతి ఆడదానికీ అది పుస్తకంలో రాసి ఇస్తారు. అడిగితే చెప్పేది. ఏ అని చెబితే ఆ ఒక్క మాటతో పెళ్ళామూ పోతుంది, కూతురూ పోతుంది. ఆ భయంతో నాలుగు రోజులు అడగలేదు. అది పళ్ళెం వైపు చూసేది, నా వైపు చూసేది, తల దించుకునేది. దాని చెంపలు లోపలికి పోవడం నాకు కనపడుతూనే ఉంది.

ఐదో రోజు సాయంత్రం అది బిడ్డ గుడ్డలు మడతపెడుతోంది. నేను నిలబడే చెప్పాను.

"నెల కావస్తోంది. మీ అత్తగారింటికి వెళ్ళు."

దాని చేతులు ఆగాయి. "ఎప్పుడు?"

"రేపు."

"సరే నాన్నా."

ఎందుకని అడుగుతుందనుకున్నాను. అడిగితే నోట్లో ఉన్నదంతా కక్కేసేవాణ్ణి. అది మిగిలిన గుడ్డలు కూడా మడిచింది. అంచుకు అంచు సరిగ్గా కలిపి, చేత్తో సాపు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టింది.

మర్నాడు పొద్దున నేను గుల్లలు కడిగే షెడ్డుకు పోయి పదింటికి తిరిగొచ్చాను. ఇంట్లో చప్పుడు లేదు. గదిలో పరుపు మడిచి ఉంది. గుమ్మం పక్కన సంచి సర్ది ఉంది. నేల మీద దాని ఫోను మోగుతోంది. ఆగింది. మళ్ళీ మోగింది. తీశాను.

"మిరాన్ గారాండీ?"

"కాదు. వాళ్ళ..." ఆ మాట రాలేదు.

"నాన్నగారా? నమస్కారం నాన్నగారూ. ఆసుపత్రి నుంచి నర్సుని. పొద్దుట్నుంచి చేస్తున్నాను, ఎత్తట్లేదు. నిన్న ఆమెకి మనసెలా ఉందని ఫోన్లో కొన్ని ప్రశ్నలు పంపాం, రాత్రి జవాబులు పెట్టారు. పొద్దున్నే చూశాం. మాకు చాలా భయంగా ఉంది. ఆమె మీ కళ్ళెదురుగా ఉన్నారా?"

నాకు ఆ 'నాన్నగారూ' తప్ప ఏమీ వినపడలేదు. ఐదు రోజులు మింగింది బయటికి వచ్చేసింది.

"మీరే కదమ్మా ఏఏ అని రాసి పంపారు. నేను ఓ. వాళ్ళమ్మ బి. అది ఎక్కడుంటే నాకేంటి? దాని నాన్నెవరో వెతుక్కుని ఆయనకి చెయ్యండి ఫోను."

"ఏమంటున్నారండీ... అయ్యో. అయ్యో, అది బ్లడ్ గ్రూపు కాదండీ! అది జన్యువులో ఒక చోట ఉండే అక్షరం. కొందరికి ఏఏ, కొందరికి ఏజీ, కొందరికి జీజీ. మన దేశంలో చాలామందికి ఏఏనే. నాకూ అదే. దానికీ గ్రూపుకీ సంబంధమే లేదు. ఆమె గ్రూపు నా ముందే ఉంది. బి. బి అండీ. నాన్నగారూ, వింటున్నారా? ఆమె ఎక్కడున్నారు?"

నేను ఫోను పట్టుకునే బయటికి పరుగెత్తాను. గోడ అవతల బిడ్డ ఏడుపు వినపడింది. టోల్సాన్ వదిన బిడ్డను వీపుకు కట్టుకుని వాకిలి ఊడుస్తోంది. డెబ్భై రెండేళ్ళు ఆవిడకి.

"మిరాన్ ఏది?"

ఆవిడ చీపురు ఆపలేదు. "గంటలో వస్తా పెద్దమ్మా అని బిడ్డనిచ్చి వెళ్ళింది. పోనీలే, ఆ ఇంట్లోంచి కాస్త గాలికి వెళ్ళిందని సంతోషించా."

"ఎటు?"

"రేవు వైపు." అప్పుడు నా మొహం చూసింది. చీపురు వదిలేసింది.

గట్టు ఎక్కేసరికి ఊపిరి అందలేదు. ఆటు అయిపోయింది. అడుసు మెరుస్తోంది. చాలా దూరంలో ఒక బూడిదరంగు చొక్కా. తొడల లోతున కాళ్ళు ఈడ్చుకుంటూ, సముద్రం వైపే పోతోంది. దాని అవతల పోటు తెల్లటి గీతలా మొదలైంది. అడుసులో నడక రాని పిల్ల కాదు. వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో తెలియని పిల్ల కాదు.

దూకాను. పదడుగులు వేశాను. నడుం దాకా దిగిపోయాను. మా ఊళ్ళో మగవాళ్ళకు పడవ వచ్చు, అడుసు రాదు. బల్ల ఆడవాళ్ళ పనిముట్టు అని మేం ముట్టుకోము. ఒక కాలు లాగితే రెండోది దిగుతోంది. దాని పేరు పెట్టి అరిచాను. గాలి నా వైపే వీస్తోంది, దానికి వినపడదు. తెల్ల గీత లావైంది.

నేను ఎవరినీ ఏదీ అడిగినవాణ్ణి కాదు. మాల్‌సూన్ శవం మొయ్యడానికి కూడా ఎవరినీ పిలవలేదు, వాళ్ళే వచ్చారు. అడుసులో నిలబడి గట్టువైపు తిరిగాను. టోల్సాన్ వదిన అక్కడుంది. షెడ్డులోంచి ఇద్దరు ఆడవాళ్ళను కేకేసి పిలుస్తోంది, బిడ్డను ఇంకొకామె చేతుల్లో పెడుతోంది.

"వదినా!" అన్నాను. "వదినా, నా కూతుర్ని తీసుకురా. నీ కాళ్ళకు మొక్కుతాను. నావల్ల కాదు."

"ఇప్పుడొచ్చిందా నోరు?" ఆవిడ అప్పటికే బల్లను అడుసులోకి తోస్తోంది. "కదలకు. ఎంత కదిలితే అంత దిగుతావు. నిన్ను లాగడానికి ఇంకో మనిషి లేదిక్కడ."

మూడు బల్లలు నా పక్కనుంచి వెళ్ళాయి. టోల్సాన్ వదిన ముందు. మోకాలు ఆనించి, నడుం వంచి, ఎడం కాలితో తోస్తూ పోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. చెయ్యగలిగింది అదొక్కటే. నీళ్ళు బూడిదరంగు చొక్కాను చేరాయి. బల్లలు ఇంకా చేరలేదు. చొక్కా ఆగింది. మళ్ళీ ముందుకు కదిలింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎందుకో తెలియదు. నూట ఎనభై దాటాక నాలుగు ఆకారాలు ఒక్క చోట కనిపించాయి. అక్కడే ఉండిపోయాయి. లాగట్లేదు. ఆవిడేదో మాట్లాడుతోంది. నీళ్ళు వాళ్ళ నడుముల దాకా వచ్చేశాయి, ఆవిడ ఇంకా మాట్లాడుతోంది. అప్పుడు ఒక ఆకారం బల్ల మీదికి ఒరిగింది.

తిరిగొచ్చేటప్పుడు పోటే వాళ్ళను తోసింది. మిరాన్ బల్ల మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. నా పక్కనుంచే వెళ్ళింది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూడలేదు.

నన్ను షెడ్డు మగవాళ్ళు తాడు వేసి లాగారు.

మధ్యాహ్నానికి అంబులెన్సులో గ్వాంగ్జు చేరాం. బిడ్డ టోల్సాన్ వదిన దగ్గరే ఉండిపోయింది. డాక్టరు ఆడమనిషి, మిరాన్ ఈడుది. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మెల్లగా ఒక్కొక్కటే అడిగింది. మిరాన్ కొన్నిటికి తల ఊపింది. కొన్నిటికి ఊపలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా పురుడయ్యాక ఇలాంటిది జరిగిందా?" అని నన్ను అడిగింది.

జరగలేదని చెప్పొచ్చు. తెలిసినవాళ్ళెవరూ ఆ గదిలో లేరు.

"వాళ్ళమ్మకి" అన్నాను.

మిరాన్ తల తిరిగింది. ఐదు రోజుల్లో మొదటిసారి తిన్నగా నన్ను చూసింది. "ఎప్పుడు?"

"నువ్వు పుట్టాక. నలభయ్యో రోజు. అడుసులోకి వెళ్ళింది."

"నాకెవరూ చెప్పలేదు."

"ఎందుకెళ్ళిందో నేను అడగలేదు. అడగని సంగతి నీకేం చెబుతాను."

డాక్టరు ఏదో రాసుకుంది. నేనే అడిగాను, "అయితే ఇది ఆ కాగితంలో అక్షరాల వల్లేనా అమ్మా?"

"ఆ అక్షరాలున్న వాళ్ళు ఈ ఆసుపత్రి నిండా ఉన్నారు. హాయిగా తిరుగుతున్నారు. దాని పాత్ర ఏమైనా ఉంటే చాలా కొంచెం, అదీ ఇంకా తేలలేదు. తల్లికి వచ్చిందన్నది మాకు అంతకంటే పెద్ద సంగతి. పక్కన ఎవరున్నారు, ఎలా ఉన్నారు అన్నది ఇంకా పెద్దది. ఈ వారం పక్కన ఎవరున్నారు?"

"నేనే."

మిరాన్ దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతోంది. గోళ్ళలో బురద ఇంకా ఉంది.

"నన్నెందుకు పొమ్మన్నావు?" అంది.

అబద్ధాలు రెండు మూడు సిద్ధంగా ఉన్నాయి. నీకు అక్కడైతే బాగుంటుందని. నాకు ఒంట్లో బాలేదని. డాక్టరు నన్నే చూస్తోంది.

"కాగితంలో ఏఏ అని ఉంది. నాది ఓ. నువ్వు నా బిడ్డవు కాదనుకున్నాను."

"అమ్మ..." అని ఆగింది. "అమ్మ గురించి అలా అనుకున్నావా?"

"అనుకున్నాను. అడుసులోకి వెళ్ళింది కూడా అందుకే అనుకున్నాను."

మిరాన్ చాలాసేపు నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నాది బి" అంది. "అడిగితే చెప్పేదాన్ని."

"తెలుసు."

"బయట కూర్చో."

నాన్నా అనలేదు. వెళ్ళి బయట బెంచీ మీద కూర్చున్నాను. నా ప్యాంటు బురద ఎండి అట్టలా అయింది. కదిలితే పొడి రాలుతోంది. ఎదురుగా తలుపు మూసి ఉంది. లోపల డాక్టరు గొంతు వినపడుతోంది, మాటలు వినపడడం లేదు. మిరాన్ గొంతు అసలు వినపడలేదు.

చాలాసేపటికి నర్సు కాగితం పట్టుకుని వచ్చింది. గొంతును బట్టి ఫోనులో మాట్లాడిన అమ్మాయే అని తెలిసింది.

"లోపలి మానసిక వార్డులో ఉంచాలి నాన్నగారూ. రోగి సంతకం కావాలి, ఇంటివాళ్ళ సంతకం కావాలి. ఇద్దరిలో ఎవరు పెట్టకపోయినా ఈ పద్ధతిలో ఉంచలేం."

నేను పెట్టాను. ఆమె కాగితం తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. అడుసులో నిలబడి లెక్కపెట్టినట్టే మళ్ళీ లెక్కపెట్టాను. ఆరు వందలు దాటాక మానేశాను. మిరాన్ సంతకం పెట్టనంటే ఏమవుతుందో, ఆ తర్వాత దాన్ని ఏ ఇంటికి తీసుకెళ్ళాలో, అక్కడ ఎవరు కాపలా ఉండాలో ఆలోచించాను. నన్ను నమ్మి ఎవరూ వదలరు. వాళ్ళ స్థానంలో నేనున్నా వదలను.

తలుపు తెరుచుకుంది. నర్సు కాగితం చూపించింది. రెండో గడిలో సంతకం ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, కానీ పేరు పూర్తిగా ఉంది.

"మీరు ఇంటికి వెళ్ళండి. రేపు రావద్దన్నారు. ఎల్లుండి కూడా. రావాలనిపించినప్పుడు ఆవిడే కబురు పెడతానన్నారు."

"పెడుతుందా?" అని అడిగాను.

"తెలీదు నాన్నగారూ" అంది నర్సు.